ఆమ్నెస్టీ కబురు కార్మికుడి గది దాకా ఎలా వెళ్లింది: యూఏఈ 2024 మీద ఒక కేస్ స్టడీ

2024 సెప్టెంబరు 1న యూఏఈలో ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, మొదలైంది. వీసా గడువు దాటిపోయి అక్కడే ఉండిపోయినవాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి వెళ్లిపోవచ్చు. కొత్త యజమాని దొరికితే వీసా సరిచేసుకుని పని చేసుకోవచ్చు. ఇంటికి వెళ్లినవాళ్ల మీద మళ్లీ రాకూడదన్న బ్యాన్ కూడా ఉండదు. మొదట ఇచ్చిన గడువు అక్టోబరు 31, తర్వాత దాన్ని డిసెంబరు 31 దాకా పెంచారు. అంతకు ముందు 2018లోనూ ఇలాగే జరిగింది. ఆగస్టు 1న మొదలై మూడు నెలల్లో ముగియాల్సిన ఆమ్నెస్టీ పెరుగుతూ పెరుగుతూ ఆ ఏడాది చివరి దాకా నడిచింది.

ఆ రెండుసార్లూ నేను దుబాయ్, షార్జాల్లో తెలుగు కార్మికుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద బృందంలో సమాచారం పని చూశాను. ఎవరికి ఏం చెప్పాలి, ఏ దారిలో చెప్పాలి, చెప్పింది అర్థమైందా లేదా అన్నది నా బాధ్యత. ఒక ప్రభుత్వం పరాయి దేశంలో ఉన్న తన మనిషికి పంపిన కబురు ఆ మనిషి గది దాకా వెళ్లేసరికి ఏమవుతుందో, దాన్ని ఎక్కడెక్కడ సరిచేయవచ్చో 2024 అనుభవం నుంచి ఇక్కడ రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ నాలుగు నెలలూ దుబాయ్‌లోని భారత కాన్సులేట్ గట్టిగా పనిచేసింది. అల్ అవీర్ ఇమిగ్రేషన్ కేంద్రం దగ్గర మనవాళ్ల కోసం కౌంటర్ పెట్టింది. పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి వెళ్లడానికి కావాల్సిన ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌ను ఉచితంగా ఇచ్చింది. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరును జనంలోకి తీసుకెళ్లింది. చివర్లో 15 వేల మందికి పైగా సాయం చేశామని ప్రకటించింది. కాబట్టి పని చేయని ఆఫీసు గురించి కాదు ఈ కేసు. బాగా పనిచేసిన ఆఫీసు మాట కూడా దారిలో ఎందుకు తప్పిపోతుందన్నదే నన్ను ఇంత దూరం ఆలోచింపజేసింది.

రికార్డులో లేని మనిషి

పౌరుడికి కబురు పంపాలంటే అతను ఎక్కడున్నాడో ప్రభుత్వానికి తెలియాలి. గల్ఫ్ విషయంలో మనకు అందుకు ఒక ఏర్పాటు ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన) కేటగిరీలోకి వస్తుంది. అలాంటివాళ్లు యూఏఈకి పనికి వెళ్లాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ దారిలో వెళ్లిన మనిషి యజమాని పేరు, జీతం, కాంట్రాక్టు ప్రభుత్వం దగ్గర నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. విమానం ఎక్కేముందు ఒకరోజు శిక్షణ కూడా ఉంటుంది.

విజిట్ వీసా మీద వెళ్లిన మనిషికి ఇవేవీ ఉండవు. కాగితాల ప్రకారం అతను టూరిస్టు. దిగిన తర్వాత ఏజెంటు చూపించిన పనిలో చేరతాడు, లేదా ఏ పనీ దొరక్క బెడ్ స్పేస్‌లో (నలుగురితో పంచుకునే గదిలో అద్దెకు తీసుకున్న మంచం మీద) రోజులు లెక్కపెట్టుకుంటాడు. ఈలోపు వీసా అయిపోతుంది. ఆమ్నెస్టీ అవసరం ఎక్కువగా ఉన్నది ఇలాంటివాళ్లకే. కబురు ఎవరికి అత్యవసరమో వాళ్ల ఫోన్ నంబరే ప్రభుత్వం దగ్గర లేదన్నమాట.

ఇంకో రకం, కంపెనీ వీసా మీదే వెళ్లి, జీతాలు రాక బయటపడ్డవాళ్లు. గదుల్లో వీళ్లను కల్లివెల్లి అయినవాళ్లు అంటారు. పని వదిలి పారిపోయాడని కంపెనీ అబ్‌స్కాండింగ్ రిపోర్టు పెట్టేస్తుంది. పాస్‌పోర్టు చాలాసార్లు కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. ఎమిరేట్స్ ఐడీ గడువు తీరి, కొత్తది ఇవ్వలేకపోతే ఆ ఐడీ మీద తీసుకున్న సిమ్ కూడా ఆగిపోతుంది. అప్పటి నుంచి వాడేది గదిలో ఇంకొకరి పేరు మీద ఉన్న సిమ్. ఐడీ లేకపోతే యూఏఈ పాస్ (అక్కడి డిజిటల్ గుర్తింపు) లేదు, అది లేకపోతే చాలా ఆన్‌లైన్ సేవలు తెరుచుకోవు. ‘అందరికీ ఎస్ఎంఎస్ పంపుదాం, యాప్‌లో పెడదాం’ అనే ఆలోచన ఎంత మంచిదైనా ఈ మనిషి దాకా చేరదు.

అందుకే మా లెక్కలో మొదటి ప్రశ్న ‘ఏం చెప్పాలి’ అన్నది కాదు. ఈ మనిషి ఎవరి ఫోన్‌లో, ఎవరి గొంతులో వింటున్నాడన్నది.

ఒక ప్రకటన ఎన్ని చేతులు మారింది

ఆమ్నెస్టీ మొదలైన కొత్తలో గదుల్లో కనిపించిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగాం. ‘నీకు ఈ సంగతి ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు?’ వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, అసలు ప్రకటన పక్కన పెట్టి చూశాం.

యూఏఈలో గుర్తింపు, పౌరసత్వ వ్యవహారాలు చూసే ఐసీపీ అనే సంస్థ అరబిక్, ఇంగ్లిష్‌లలో ప్రకటన ఇచ్చింది. ఖలీజ్ టైమ్స్, గల్ఫ్ న్యూస్ లాంటి పత్రికలు దాన్ని వివరంగా రాశాయి. మన కాన్సులేట్ ఇంగ్లిష్‌లో సూచనలు తయారుచేసి ఎక్స్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టింది. వాటిని చూసి తెలుగు యూట్యూబ్ చానెళ్లు వీడియోలు చేశాయి. ఆ వీడియోలో ఒక ముక్క వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లింది. గ్రూపులో విన్నవాడు రాత్రి అన్నం తింటూ పక్కవాడికి చెప్పాడు. చివరికి గదిలో వినిపించిన మాట ఇది: ‘దుబాయ్‌ల అందరికీ మాఫీ అంట, పోతే ఇంటికి పంపిస్తరంట.’

ఇందులో అబద్ధం పెద్దగా లేదు. దారిలో రాలిపోయినవి మాత్రం చాలా ఉన్నాయి. ఈ ఆమ్నెస్టీ అందరికీ కాదు. సెప్టెంబరు 1 తర్వాత వీసా గడువు దాటినవాళ్లకు వర్తించదు. ఆ తేదీ తర్వాత అబ్‌స్కాండింగ్ నమోదైనవాళ్లకు వర్తించదు. దేశం నుంచి పంపేయమని ఉత్తర్వు ఉన్నవాళ్లకూ వర్తించదు. ఎవరికి వర్తిస్తుందన్న సగం ఎంత దూరమైనా ప్రయాణిస్తుంది, ఎవరికి వర్తించదన్న సగం మొదటి ఫార్వర్డ్‌లోనే ఆగిపోతుంది. ఎందుకంటే మొదటి సగం మంచి వార్త, దాన్ని పదిమందికి చెప్పాలనిపిస్తుంది.

తేదీలు కూడా రాలిపోయాయి. దీని నష్టం ఇంకా ఎక్కువ. మొదట్లో ఎగ్జిట్ పర్మిట్ (దేశం వదిలి వెళ్లడానికి ఇచ్చే అనుమతి) తీసుకున్నవాళ్లు 14 రోజుల్లో దేశం వదలాలన్నారు. తర్వాత, గడువు ముగిసేలోగా వెళ్లిపోతే చాలని సడలించారు. వీసా సరిచేసుకోవడానికి పాస్‌పోర్టు కనీసం ఆరు నెలలు చెల్లాలన్న నియమాన్ని ఒక్క నెలకు తగ్గించారు. రెండూ కార్మికులకు మేలు చేసే మార్పులే. కానీ పాత పోస్టర్ల మీద తేదీ లేదు. అవి నవంబరులో కూడా తిరుగుతూనే ఉన్నాయి. టికెట్ డబ్బు 14 రోజుల్లో సమకూరదని భయపడి పర్మిట్ తీసుకోకుండా ఆగిపోయినవాళ్లను నేను కలిశాను. వాళ్లను ఆపిన నియమం అప్పటికే లేదు.

రాలిపోయిన మూడో సంగతి, మాట ఎవరిదన్నది. కాన్సులేట్ సూచన, యూట్యూబ్‌లో ఒకరి అభిప్రాయం, ఏజెంటు వాయిస్ నోట్ మూడూ ఒకే గ్రూపులో, ఒకే రూపంలో, ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఉచితంగా దొరికే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌కు డబ్బు అడిగినవాళ్లు ఈ సందులోనే దూరారు. వాళ్లు చెప్పిన సమాచారం చాలావరకు సరైనదే కావడం వల్ల నమ్మడం ఇంకా తేలికైంది. ‘కాన్సులేట్‌లో మావాళ్లున్నారు’ అన్న ఒక్క మాటే వాళ్లు కలిపింది.

మొదట చెప్పాల్సిన జవాబు

మాకు వచ్చిన ఫోన్లలో ఎక్కువమంది అడిగింది పత్రాల గురించో ఆఫీసు వేళల గురించో కాదు. ‘అన్నా, అక్కడికి పోతే పట్టుకుంటరా?’ అని అడిగారు. కొందరు అంత సూటిగా అడగలేక, ‘మా గదిల ఒకాయనకు డౌటున్నది’ అని మొదలుపెట్టేవాళ్లు.

రెండేళ్లుగా పోలీసు యూనిఫాం కనిపిస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోతున్న మనిషిని, నీ కాళ్ల మీద నువ్వే ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి వేలిముద్రలు ఇవ్వమంటున్నాం. ఆ మనిషికి మొదట కావాల్సిన జవాబు ఒకటే. అది ఏ అధికారిక నోటీసులోనూ మొదటి వాక్యంగా లేదు. నోటీసులు అర్హతతో మొదలై, పత్రాల జాబితాతో నడిచి, ఆఫీసు వేళలతో ముగుస్తాయి. ఆఫీసులో కూర్చున్నవాళ్లకు పని ఏ వరుసలో జరుగుతుందో ఆ వరుస అది. భయపడుతున్న మనిషి మనసులో ప్రశ్నలు ఆ వరుసలో రావు.

అధికారుల ఇబ్బంది కూడా నాకు తెలుసు. ఇంకో దేశం పోలీసులు పట్టుకోరని భారత కాన్సులేట్ తన పేరు మీద హామీ ఇవ్వడం కుదరదు. ఇస్తే తప్పు కూడా. కానీ మౌనంగా ఉండనక్కర్లేదు. ఆమ్నెస్టీలో దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు జరిమానా ఉండదని, బ్యాన్ ఉండదని యూఏఈ అధికారులే బహిరంగంగా చెప్పారు. ఆ మాటను వాళ్ల పేరుతో, తేదీతో సహా మొదటి వాక్యంగా పెట్టవచ్చు. మేం అదే చేశాం. ఈ వరుస మార్పు ఒక్కటే మిగతా అన్ని మార్పులకంటే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం. జవాబు మొదట్లోనే దొరికినవాళ్లు మిగతాది ఓపికగా విన్నారు.

రెండో భయం బ్యాంకు. కంపెనీ మూతపడక ముందు లోను తీసుకున్నవాళ్లు, క్రెడిట్ కార్డు వాడినవాళ్లు ఉన్నారు. ఆమ్నెస్టీ మాఫీ చేసేది వీసాకు సంబంధించిన జరిమానాలనే. బ్యాంకు కేసు, కోర్టు పెట్టిన ట్రావెల్ బ్యాన్ అలాగే ఉంటాయి. దుబాయ్‌లో అయితే పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో, యాప్‌లో తన మీద ఆర్థిక కేసు ఉందో లేదో చూసుకోవచ్చు. అబుదాబిలో న్యాయశాఖ నడిపే ఎస్తఫ్సిర్ సేవ ఉంది. ఈ సంగతి దాచకుండా చెప్పాలని బృందంలో నేను పట్టుబట్టాను. ‘ఇలా చెబితే జనం వెనక్కి తగ్గుతారు’ అన్న వాదన కూడా వచ్చింది. జరిగింది వేరు. కాదన్న చోట కాదని చెప్పాక, అవునన్న మాట మీద నమ్మకం పెరిగింది. కేసు లేదని చూసుకున్నవాళ్లు ధైర్యంగా బయల్దేరారు.

మూడోది కాగితాల గందరగోళం. పాస్‌పోర్టు లేని మనిషికి రెండు పత్రాలు కావాలి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మన కాన్సులేట్ ఇస్తుంది, ఎగ్జిట్ పర్మిట్ యూఏఈ ఇమిగ్రేషన్ ఇస్తుంది. ఒకటి ఇండియాలోకి రావడానికి, ఇంకొకటి యూఏఈ నుంచి బయటపడడానికి. కాన్సులేట్ నోటీసులో మొదటిది వివరంగా ఉంటుంది, ఐసీపీ నోటీసులో రెండోది వివరంగా ఉంటుంది. రెండింటినీ కలిపి, ముందు ఇక్కడికి, తర్వాత అక్కడికి, ఆ తర్వాతే టికెట్ అని చెప్పే కాగితం ఏ ఒక్క ఆఫీసు బాధ్యతా కాదు. దాంతో సర్టిఫికెట్ చేతికి రాగానే టికెట్ కొనేసి, పర్మిట్ కోసం తర్వాత పరుగులు పెట్టినవాళ్లున్నారు. రెండు ప్రభుత్వాల మధ్య నడిచే ఏ వ్యవహారంలోనైనా ఈ ఖాళీ ఉంటుంది. పౌరుడి సొంత ప్రభుత్వమే దాన్ని పూడ్చాలి, ఎందుకంటే అతని భాష వచ్చిన ఆఫీసు అదొక్కటే.

గొంతుతో చెప్పడం

ఇదంతా చూశాక మేం పోస్టర్లు తగ్గించి వాయిస్ నోట్ల మీదికి వెళ్లాం. యూఏఈలో వాట్సాప్ కాల్స్ పనిచేయవు, మాట్లాడుకోవడానికి బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. వాట్సాప్ వాయిస్ నోట్ మాత్రం హాయిగా వెళ్తుంది, వస్తుంది. చదవడం కష్టమైనవాళ్లు కూడా వింటారు, పనిలో ఉన్నవాళ్లు తర్వాత వింటారు, భయపడేవాళ్లు నాలుగుసార్లు వింటారు. క్యాంపుల్లో కరపత్రాలు పంచాలంటే అక్కడ అనుమతులు కావాలి కాబట్టి కాగితం మీద ఆధారపడడం మాకు కుదరదు కూడా.

ఒక నోట్‌లో ఒకే ప్రశ్న. మొదట తేదీ, తర్వాత నోట్ నంబరు, తర్వాత ఈ మాట ఎవరు చెప్పిందన్నది. బయటికి పంపే ముందు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి సరిచూసుకోవడం. నియమం మారితే ‘ఫలానా నంబరు నోట్ ఇక చెల్లదు, గ్రూపులో ఉంటే తీసేయండి’ అని కొత్త నోట్. ఈ చివరిదాన్ని ప్రభుత్వాలు దాదాపు ఎక్కడా చేయవు. కొత్త సూచన ఇస్తారు గానీ, పాతదాన్ని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పరు.

మాట్లాడిన మనిషిని కూడా ఆలోచించి ఎంచుకున్నాం. 2018 ఆమ్నెస్టీలో ఇంటికి వెళ్లి, సరైన వీసాతో తిరిగి వచ్చిన ఒక మేస్త్రి ఉన్నాడు. ఆ క్యూలో నిలబడిన మనిషి, వేలిముద్ర వేసిన మనిషి. నేను రాసిచ్చిన దాన్ని ఆయన తన మాటల్లోకి మార్చుకుని చెప్పాడు. ఒక నోట్ ఇలా ఉంది:

‘అన్నా, ఇది అక్టోబరు 5న చెప్తున్న ముచ్చట, నాలుగో నంబరు నోట్. అల్ అవీర్ పోతే పట్టుకుంటరా అని మస్తుమంది అడుగుతున్నరు. ఆమ్నెస్టీల దరఖాస్తు పెట్టుకునేటోళ్లకు జరిమానా లేదు, బ్యాన్ లేదు అని ఈడి ఇమిగ్రేషనోళ్లే చెప్పిన్రు. పోయినసారి నేను పోయిన, నన్నెవ్వరు పట్టుకోలే. పాస్‌పోర్టు చేతిల ఉంటే సక్కగ ఇమిగ్రేషన్ కాడికే పోవచ్చు. లేకుంటే ముందుగాల మన కాన్సులేట్‌ల ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలె, దానికి పైసలు లేవు, ఎవ్వరికీ ఇయ్యకున్రి. ఆ కాయితం ఒక్కటే పట్టుకొని ఎయిర్‌పోర్టుకు పోకున్రి, ఎగ్జిట్ పర్మిట్ గూడ కావాలె. బ్యాంకు కేసు, పోలీసు కేసు ఉన్నోళ్లది వేరే, వాళ్లు ముందు మాకు ఫోన్ చెయ్యున్రి. డౌటుంటే 800 46342 కొట్టున్రి, ఫ్రీ నంబరు.’

గోదావరి జిల్లాలవాళ్ల కోసం, కడప వైపువాళ్ల కోసం అదే విషయాన్ని ఆ ప్రాంతపు మనుషులతో చెప్పించాం. ఊరి యాస వినగానే ‘ఇది మనవాళ్లు చెప్పింది’ అనుకుని పక్కవాళ్లకు పంపారు.

ఇంటి నుంచి తిరిగి వెళ్లిన కబురు

షార్జాలో ప్లాస్టరింగ్ పని చేసే ఒక తమ్ముడు, జగిత్యాల వైపు మనిషి. కంపెనీ జీతాలు ఆపేస్తే బయటికి వచ్చేశాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండిపోయింది, వీసా పోయింది. ఆమ్నెస్టీ గురించి మొదటి రోజుల్లోనే విన్నాడు, వివరాలన్నీ తెలుసు. అయినా కదల్లేదు. కారణం అడిగితే చాలాసేపటికి చెప్పాడు: ‘ఉత్త చేతులతోటి పోతే అప్పులోళ్లకు ఏం చెప్పాలె అన్నా?’

వెళ్లేటప్పుడు ఏజెంటుకు కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. దీనికి ఏ నోటీసులోనూ జవాబు ఉండదు. దరఖాస్తు ఎలా చేయాలో ఇంకోసారి చెప్పినా లాభం లేదు.

అతన్ని కదిలించిన కబురు ఊరి నుంచి వచ్చింది. మేస్త్రి వాయిస్ నోట్ తిరిగి తిరిగి అతని బావమరిది గ్రూపుకు చేరింది, అక్కడి నుంచి భార్య విన్నది. జరిమానా లేకుండా వచ్చే అవకాశం ఉందని, డిసెంబరు దాటితే మళ్లీ జరిమానా లెక్క మొదలవుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. అతను ఇంట్లో ఆ సంగతి చెప్పనే లేదు. ఆమె ఫోన్ చేసి రమ్మంది, అప్పు సంగతి ఇద్దరం కలిసి చూసుకుందామంది. బావమరిది టికెట్ డబ్బు సర్దాడు. తర్వాత పనులు చకచకా జరిగాయి: కాన్సులేట్, సర్టిఫికెట్, వేలిముద్రలు, పర్మిట్, శంషాబాద్.

ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం నా పనిని మార్చింది. ‘అన్నా, ఆ ఎనిమిది వందల నంబరు మా ఊర్ల నుంచి ఎందుకు కలుస్తలేదు?’ అది యూఏఈ లోపల మాత్రమే పనిచేసే టోల్ ఫ్రీ. ఇండియాలో ఉన్న కుటుంబాల కోసం విదేశాంగ శాఖది 1800 11 3090 ఉంది. మద్దతు కావాల్సినవాళ్లు ఫిర్యాదు నమోదు చేసుకోవడానికి 2015 నుంచి మదద్ పోర్టల్ ఉంది. ఇవి ఆమ్నెస్టీ పోస్టర్ల మీద కనిపించలేదు, ఎందుకంటే ఆ పోస్టర్లు యూఏఈలో ఉన్న మనిషి చదువుతాడనుకుని రాసినవి. నిర్ణయం జగిత్యాలలో వంటింట్లో జరుగుతోంది. ఆ తర్వాత మా ప్రతి నోట్ చివరా రెండు నంబర్లు చెప్పాం, ఒకటి అక్కడివాళ్లకు, ఒకటి ఇంట్లోవాళ్లకు.

రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలిగింది ఇక్కడ చాలా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులోనే హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసుల కుటుంబాల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల కోసం పనిచేసే ఏపీఎన్‌ఆర్‌టీఎస్ సంస్థ హెల్ప్‌లైన్ ఉంది. కానీ హైదరాబాద్ దాకా రాగలిగిన కుటుంబం అప్పటికే సగం దారి వచ్చినట్టే. సిరిసిల్ల, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్‌కు ఎవరు వెళ్లారో, ఎవరి దగ్గర నుంచి డబ్బు రావడం ఆగిపోయిందో ఆశా కార్యకర్తకు, పంచాయతీ కార్యదర్శికి తెలుసు. దుబాయ్ కాన్సులేట్‌కు దొరకని జాబితా వాళ్ల నోట్లో ఉంది. ఆమ్నెస్టీ ప్రకటించిన వారంలోనే జిల్లా కలెక్టర్ల ద్వారా వాళ్లకు ఒక పేజీ సమాచారం పంపితే కబురు ఎంత దూరం వెళ్తుందో ఊహించండి. ఇది నేను ఎక్కడ మాట్లాడే అవకాశం వచ్చినా అడుగుతున్నాను.

గడువు పెరగడం

అక్టోబరంతా ‘పొడిగింపు ఉండదు’ అన్న మాటే వినిపించింది. చివరి రోజుల్లో క్యూలు పెరిగాయి, టికెట్ ధరలు పెరిగాయి. సరిగ్గా గడువు ముగిసే వేళకు రెండు నెలలు పెంచారు. మనుషులకు మేలు జరిగింది, అందుకు సంతోషమే. కానీ 2018లోనూ ఇలాగే పెంచారని గుర్తున్నవాళ్లు డిసెంబరులో నింపాదిగా కూర్చున్నారు. ‘జనవరిల మళ్ల పెంచుతరు’ అన్నది గదుల్లో ఖాయమైన మాట అయిపోయింది.

మేం ‘ఈసారి పెంచరు’ అని చెప్పలేదు. అది మాకు తెలియదు, తెలియనిది చెబితే తర్వాత చెప్పే మాటకు విలువ ఉండదు. ‘ఈ రోజుకు ఉన్న తేదీ డిసెంబరు 31. పెంచుతామని ఎవరూ చెప్పలేదు. పెంచకపోతే రోజుకు 50 దిర్హమ్‌లు. ఏడాదికి 18,250. రూపాయల్లో నాలుగు లక్షలకు పైనే’ అని చెప్పాం. లెక్క విన్నాక గదిలో మాట మారింది. ఎవరికివాళ్లు తమ రోజులు లెక్కేసుకోవడం మొదలుపెట్టారు. గడువు పెంచలేదు. జనవరిలో తనిఖీలు గట్టిగా జరిగాయి.

గడువు పెంచే అవకాశం ఉన్నప్పుడు ప్రభుత్వాలు ఎలా మాట్లాడాలన్నది కష్టమైన ప్రశ్నే. ‘చివరి అవకాశం’ అని అనేకసార్లు అన్నాక ఆ మాట పనిచేయదు. తేదీ, తేదీ దాటితే జరిగేది, ఈ రెండే చెప్పి ఊరుకోవడం మంచిదని నా అభిప్రాయం.

చేరని చోటు

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల దగ్గరికి ఈ ఏర్పాట్లలో ఏదీ సరిగా వెళ్లలేదు. మగవాళ్లు క్యాంపుల్లో, గదుల్లో గుంపుగా ఉంటారు, ఒక ఫోన్‌లో విన్నది పదిమందికి చేరుతుంది. ఇంటిపని చేసే అమ్మ ఒక్కతే ఉంటుంది. ఫోన్ యజమాని చేతిలో ఉండొచ్చు. వారం సెలవు ఉండకపోవచ్చు. తెలుగు ఆడవాళ్లు ఎక్కువగా వెళ్లే కువైట్‌లో పరిస్థితి ఇంకా కఠినం. అక్కడ కూడా 2024లో మార్చి 17 నుంచి ఆమ్నెస్టీ నడిచింది. గోదావరి జిల్లాల నుంచి, కడప, అన్నమయ్య జిల్లాల నుంచి తల్లుల కోసం ఫోన్లు చేసింది పిల్లలే. ‘అమ్మకు ఎలా చెప్పాలండీ, ఫోన్ వాళ్లింట్లోవాళ్ల ముందే మాట్లాడుతుంది’ అని ఒక అమ్మాయి అడిగింది.

వీళ్లకు కబురు చేరగల చోట్లు కొన్నే. నెలకోసారి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ కౌంటరు, ఆసుపత్రి, ఆదివారమో శుక్రవారమో వెళ్లే చర్చి. రసీదు మీద తెలుగులో రెండు లైన్లు, ఒక నంబరు అచ్చేస్తే ఆ కాగితం ఆమె చేతికి తప్పకుండా వెళ్తుంది. అంతకంటే ముఖ్యం, వెళ్లేముందే ఆమెకు ఎంబసీ నంబరు నోటికి వచ్చి ఉండాలి. అక్కడికి చేరాక నేర్పే అవకాశం రాదు.

ఫిలిప్పీన్స్ ఈ పనిని మనకంటే చాలా ముందు మొదలుపెట్టింది. వెళ్లేముందు అవగాహన తరగతి అక్కడ 1980ల నుంచే తప్పనిసరి. 1995లో సింగపూర్‌లో ఫ్లోర్ కాంటెంప్లాసియన్ అనే ఫిలిప్పీన్స్ ఇంటిపని కార్మికురాలిని ఉరి తీసినప్పుడు ఫిలిప్పీన్స్ అట్టుడికింది. ఆ ఏడాదే వలస కార్మికుల చట్టం తెచ్చారు. ఇప్పుడు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మంత్రిత్వ శాఖ ఉంది, 1348 అనే నాలుగంకెల హెల్ప్‌లైన్ ఉంది. నాలుగంకెలు ఎవరికైనా గుర్తుంటాయి. మనకు 2004లో ఏర్పడిన ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖను 2016లో విదేశాంగ శాఖలో కలిపేశారు. సుష్మా స్వరాజ్ విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు ట్విట్టర్‌లో జవాబిచ్చిన తీరు లక్షల మందికి ధైర్యమిచ్చింది, అడిగితే పలుకుతారన్న నమ్మకం వచ్చింది. ఆ నమ్మకం వ్యక్తితో పాటు వెళ్లిపోకుండా హెల్ప్‌లైన్‌లో, ఊరి ఆఫీసులో నిలబడాలి. ట్వీట్ చేయలేని మనిషికీ అంతే త్వరగా జవాబు రావాలి.

జనవరి 1

డిసెంబరు 31 దాటగానే ఆమ్నెస్టీ మీద అధికారిక సమాచారం ఆగిపోయింది. మాకు ఫోన్లు ఆగలేదు. రాలేకపోయినవాళ్లు, ఆలస్యంగా విన్నవాళ్లు, కేసులున్నవాళ్లు ‘ఇప్పుడేం చేయాలి’ అని అడిగారు. గడువు అయిపోయాక ఉన్న దారులు చెప్పే కాగితం ఎవరూ రాయలేదు. దారులు లేక కాదు. సహాయతా కేంద్రం ఏడాది పొడుగునా పనిచేస్తుంది. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఎప్పుడైనా దరఖాస్తు చేసుకోవచ్చు. నిజంగా ఏ ఆధారమూ లేనివాళ్లకు టికెట్ కోసం 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి ప్రతి ఎంబసీలో ఉంది. జీతం బాకీ ఉంటే కార్మిక శాఖలో ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

జనవరిలో మేం చేసిన మొదటి వాయిస్ నోట్ ఇదే. మేస్త్రి అందులో ఆమ్నెస్టీ నోట్లేవీ ఇక చెల్లవని చెప్పి, పై నాలుగు దారులూ ఒక్కొక్కటిగా చెప్పాడు. జరిమానా ఇప్పుడు ఉంటుందని, రోజులు గడిచేకొద్దీ పెరుగుతుందని దాచకుండా చెప్పాడు. చివర్లో ఎప్పటిలాగే రెండు నంబర్లు, అక్కడివాళ్లకు ఒకటి, ఇంట్లోవాళ్లకు ఒకటి. ఆ నోట్‌ను కాన్సులేట్‌లో పనిచేసే ఒక అధికారికి పంపి, తమ పేజీలో పెట్టమని అడిగాం. ఇలాంటి సూచన ప్రతి గడువు ముగిసిన మర్నాడే, పౌరుల భాషల్లో, ఆఫీసు సొంత గొంతుతో రావాలన్నది మేం రాతపూర్వకంగా ఇచ్చిన మొదటి విన్నపం.